కడగని గ్లాసు

అల్లం ఇవాళ కాస్త ఎక్కువే పడింది, అయినా ఇక్కడ ఎవరికి తెలుస్తుంది, తక్కువైనా వావ్ అంటారు, ఎక్కువైనా వావ్ అంటారు, జయమణి అయితే మొదటి గుక్కకే మొహం చిట్లించి ఏంటండీ ఇది, కషాయమా అని ఉండేది, అనుకుంటూ దేవదానం కెటిల్‌ని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు, బరువని కాదు, వేళ్ళకి వేడి తెలియడం లేదని, ఆమె, తన భార్య, పోయినప్పటినుంచీ ఇదే వరస, చల్లనిదైనా వేడిదైనా ముందు ఎక్కడో వెనక నిలబడ్డ ఇంకెవరికో తెలిసి, వాళ్ళు వచ్చి చెబితే అప్పుడు తనకి తెలిసినట్టు ఉంటోంది, గాజు గోడ అవతల కెనడాలోని హామిల్టన్ ఊరి ఫిబ్రవరి ఆకాశం, రోడ్డు పక్కన మసిబారిన మంచు గుట్టలు, దూరంగా స్టీలు ప్లాంటు పొగ కదలకుండా నిలబడి ఉంది, ఇవతల మ్యూజియం రెండో అంతస్తులో తెల్లటి హాలు, హాలు మధ్యలో ఒక టీ కొట్టు, రేకుల చూరు, కర్రబల్ల, బల్లమీద వరసగా పింగాణీ కప్పులు, ముందు కుర్చీలు, వెనక పక్కన చూరు కింద మట్టిగట్టు, గట్టు మీద బోర్లించిన గాజు గ్లాసులు, కింద ఈతచాప, చాప పక్కన నీళ్ళకుండ, ముంత, అదంతా కలిపి ఒక కళాఖండం, ఢిల్లీలో పుట్టి బెర్లిన్లో ఉంటున్న ఆర్టిస్టు చేసింది, ఊళ్ళలో టీ కొట్ల దగ్గర అంటరానివాళ్ళకని వేరే గ్లాసు పెట్టే పద్ధతి గురించి గోడకి అంటించిన అట్ట మీద రాశారు, వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర పెట్టెలోంచి చీటీ తియ్యాలి, తెల్లది వస్తే కుర్చీ, కప్పు, ఎర్రది వస్తే చాప, గట్టుమీది గ్లాసు, కప్పులో మామూలుగా పొయ్యాలి, గ్లాసులో మాత్రం జానెడు పైనుంచి, కెటిల్ మూతి గ్లాసుకి తగలకుండా, అది ఆర్టిస్టు పెట్టిన షరతు, పోసేది హాల్లో కాపలా ఉండే అటెండెంటు, శనివారాలు అటెండెంటు దేవదానం.

మీకు ఇబ్బందేమైనా ఉందా దేవ్ అని క్లేర్ మొదట్లోనే అడిగింది, క్లేర్ ఈ ఎగ్జిబిషన్ చూసుకునే క్యూరేటర్, దేవదానం అనడానికి నోరు తిరక్క దేవ్ అంటుంది, మంచి పిల్ల, ఏ మాటైనా ముందు మెత్తటి గుడ్డ పరిచి దానిమీద పెడుతుంది, కావాలంటే వేరే హాల్లో డ్యూటీ వేస్తాను, కారణం అడగను, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఇదిగో నంబరు అంది, ఫర్వాలేదు అన్నాడు, నిజంగానే ఫర్వాలేదు, ఇప్పుడు ఏదైనా ఫర్వాలేదు, మొదటి శనివారం మాత్రం చెయ్యి మాట వినలేదు, ఎర్రచీటీ వచ్చినాయన గ్లాసు చాపితే కెటిల్ దానంతటదే దిగి గ్లాసు అంచుకి ఆనింది, ఇంటికొచ్చినవాళ్ళకి పోసే చెయ్యి కదా, క్లేర్ పక్కకొచ్చి కొంచెం పైనుంచి దేవ్ అని గొణిగింది, అప్పటినుంచి పైనుంచే పోస్తున్నాడు, సన్నటి ధార, చప్పుడు, నురగ, చాపమీద కూర్చున్నవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు, కొందరు కళ్ళు తుడుచుకుంటారు, లేచి కోటు వేసుకుని కింద కేఫ్‌లో కేకు తింటారు, వాళ్ళని అనడానికేం లేదు, ఆకలి ఆకలే, అటెండెంట్లు ఏ హాల్లోనూ కూర్చోకూడదు, పై అంతస్తుల్లో ఏదీ తాగకూడదు, ఎవరి మగ్గు వాళ్ళది బేస్‌మెంట్ కిచెన్లో కొక్కేలకి వేలాడుతుంటుంది, అయినా పోయిన శనివారం తెరేజా, పక్క హాలు అటెండెంటు, ఎక్కడినుంచో ఒక రబ్బరు మ్యాట్ తెచ్చి ఆయన నిలబడేచోట పరిచి పోయింది, ఇవాళ పొద్దున బస్సు డ్రైవరు ఆయన పరిగెత్తలేక నడిచొస్తుంటే తలుపు మూయకుండా ఆగాడు, ఇలాంటివి దేవదానానికి తెలుస్తూనే ఉన్నాయి, వేడీ చల్లనా తెలియకపోయినా ఇవి తెలుస్తున్నాయి, జేబులో చిల్లరలా అటూ ఇటూ తగులుతుంటాయి.

ఇవాళ మూసేలోపు క్లేర్‌కి మాట చెప్పాలి, అవుననో కాదనో, పది రోజులుగా ఈ టీ కొట్టుమీద గొడవ, ఇక్కడి మనవాళ్ళ అసోసియేషన్ ఒక మెయిల్ పంపింది, దేశం పరువు తీస్తున్నారని, టొరంటో నుంచి స్టూడెంట్లు కొందరు వచ్చి మెట్లమీద అట్టలు పట్టుకుని నిలబడ్డారు, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళింట్లో పుట్టిన ఆర్టిస్టు మా గ్లాసు తీసుకొచ్చి పేరు సంపాదిస్తోందని, రెండూ మ్యూజియం విన్నది, వినడం వాళ్ళకి బాగా వచ్చు, విని మీటింగు పెట్టుకుని, సోమవారం నుంచి టీ కొట్టు పక్కన ఇయర్‌ఫోన్లు తగిలించి ఆ బతుకు తెలిసినవాళ్ళ గొంతులు వినిపిద్దామని తేల్చారు, క్లేర్ వచ్చి దేవ్, మీ భార్య అలాంటి ఊరినుంచే వచ్చారని మీరు ఒకసారి అన్నారు, రెండు నిమిషాలు ఆవిడ గురించి చెబుతారా, మీ భాషలోనే చెప్పండి, కింద ఇంగ్లిషు మేం వేస్తాం అంది, అన్నాడు కాబోలు, ఎప్పుడు అన్నాడో గుర్తు లేదు, ఈ మధ్య తన నోటినుంచి వచ్చే మాటలు కూడా వెనకున్న ఇంకెవరో అంటున్నట్టే ఉంటున్నాయి.

కిచెనర్ ఊరినుంచి ఫేబీ పొద్దున్నే ఫోన్ చేసింది, కూతురు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని, డాడీ ప్లీజ్, యూ హావ్ టు డు ఇట్ అంది, అమ్మ కోసం, షి నెవర్ గాట్ టు సే ఇట్ అంది, ఏం చెప్పాలమ్మా, నాకేం తెలుసని అంటే, వాట్ హాపెన్డ్ టు హర్, జస్ట్ దట్ అంది, ఆ పిల్ల ఇక్కడ పుట్టి యూనివర్సిటీలో ఎవరో ప్రొఫెసర్ చెబితే ఇదంతా తెలుసుకుంది, తెలుసుకున్న రాత్రి ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది, జయమణి స్పీకర్లో విని, ఏడవకు బంగారం, వాళ్ళ పాపాన వాళ్ళు పోయార్లే, నువ్వు అన్నం తిన్నావా అని అడిగింది, పోయినవారం అసోసియేషన్ పెద్ద వీరరాఘవులు గారు కూడా ఫోన్ చేశారు, ఏవండీ దేవదానం గారూ, మన ఇంటి గొడవలు ఈ తెల్లవాళ్ళ మ్యూజియంలో ఎందుకండీ, మీరైనా చెప్పొచ్చుగా, మా ఇంట్లో మీరెన్ని పూటలు భోంచేశారు, మేమేనాడైనా తేడాగా చూశామా, అంటే, లేదండీ, ఎప్పుడూ చూడలేదు అన్నాడు దేవదానం, అది నిజం, మంచి మనిషి, జయమణిని మట్టి చేసిన రోజు వచ్చి మంచులో నిలబడ్డాడు మోకాళ్ళ నొప్పితో, ఆయనే మళ్ళీ, మా ఆవిడ ఇప్పటికీ అంటుందండీ, జయమణి గారంత పద్ధతైన మనిషి లేదని, తాగిన గ్లాసు తాగినట్టే కడిగి బోర్లించి గానీ కదిలేది కాదు, మా కోడళ్ళకి చెప్పుకుంటాం ఆవిణ్ణి చూసి నేర్చుకోండర్రా అని, అన్నారు, అవునండీ అన్నాడు.

నిజంగానే ఏం తెలుసు తనకి, తను మిషను కాంపౌండులో పుట్టాడు, నాన్న మిషను బడిలో మాస్టారు, హాస్టల్లో అందరివీ ఒకేరకం సత్తు గ్లాసులు, బీకాం చదివినన్నాళ్ళూ కాలేజీ క్యాంటీన్లో ఎవరూ ఏమీ అడగలేదు, అడిగారేమో, గుర్తు లేదు, జయమణిది రేపల్లె దిక్కు పల్లె, వాళ్ళ నాన్న కూలి, పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాడు, మీ ఊళ్ళో టీ కొట్టు దగ్గర అలాంటివి ఉండేవా అని, అబ్బే, మా ఊళ్ళో టీ ఎవడు తాగాడండీ, గంజి తాగాం, అది కూడా మీరు కాసే టీ కంటే నయం అని నవ్వింది, తనూ నవ్వాడు, మళ్ళీ అడగలేదు, ఇక్కడికొచ్చాక హాస్పిటల్ కిచెన్లో ట్రేలు కడిగి సర్దే పని చేసింది, రోజంతా ఎవరెవరివో కప్పులు కడిగొచ్చి కూడా పరాయింటికి వెళ్తే చేతులు కట్టుకుని కూర్చునేది కాదు, వాళ్ళు వద్దు వద్దంటున్నా లేచి సింకు దగ్గరికి వెళ్ళేది, మరి మనింట్లో ఎందుకిలా అని తను సణిగేవాడు, ఇంట్లో మాత్రం ఎక్కడ తాగితే అక్కడే గ్లాసు, మెట్లమీద ఒకటి, టీవీ దగ్గర ఒకటి, బాత్రూం కిటికీలో కూడా ఒకటి, ఇల్లంతా గ్లాసులు ఏరుకొచ్చేది తనే, పరాయి ఇళ్ళల్లో అంత శుభ్రం, మనింటికొచ్చేసరికి ఏమవుతుంది నీకు అంటే, ఉండనీండి, అదెక్కడికి పారిపోద్ది అనేది, కిచెన్ కిటికీలో ఒకటి ఇప్పటికీ ఉంది, హార్లిక్స్ తాగింది, చివరిసారి హాస్పిటల్‌లో చేరేముందు, అడుగున గోధుమరంగు వలయం ఎండి పగుళ్ళిచ్చింది, ఫేబీ కడగబోతే ఉండనీ అన్నాడు, ఎందుకు డాడీ అంటే ఏమో అన్నాడు, రోజూ దాన్ని చూస్తాడు, ఏమీ అనిపించదు, అనిపిస్తుందేమోనని చూస్తాడు, అనిపించదు.

ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు గుమ్మంలోకి, గళ్ళ స్వెటర్ మీద కొంగు లాక్కున్న పెద్దావిడ, జీన్సులో అమ్మాయి, అమ్మాయి చీటీ తెల్లది, ఆవిడది ఎర్రది, అమ్మాయి మొహం మాడిపోయింది, అమ్మా ఇటియ్యి, నాది నువ్ తీస్కో అని లాగబోయింది, ఎర్రదొస్తే ఏమైతది బిడ్డ, చాయ్ చాయే గద అంది ఆవిడ, దేవదానం అప్రయత్నంగా రండమ్మా అన్నాడు, అగో, తెలుగోళ్ళేనా మీరు అని ఆవిడ మొహమంతా విచ్చుకుంది, గ్వెల్ఫ్ ఊరినుంచి వచ్చారట, అమ్మాయి పేరు దేవిశ్రీ, మొన్ననే కాన్వొకేషన్ అయింది, తల్లి దానికోసమే విజిట్ మీద వచ్చింది, ఇది చూపిద్దామని దేవిశ్రీయే తీసుకొచ్చింది, అంకుల్, మా అమ్మ ఇట్ల కూసుండుడు చూడలేను నేను, చీటీ మార్చరా అని మెల్లగా అడిగింది, దేవదానం క్లేర్ వైపు చూశాడు, హాలు చివర ఎవరో అతిథులకి ఏదో చెబుతోంది, మార్చొచ్చో లేదో ఆయనకి తెలియదు, ఈలోపే ఆవిడ చెప్పులు పక్కన విడిచి చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, గట్టుమీది గ్లాసు ఎవరూ చెప్పకుండానే తీసుకుంది, రెండు చేతులతో పట్టుకుని కాస్త కిందికి దించింది, పోసేవాడికి పైనుంచి అందేట్టు, ఆ దించడం దేవదానం ఇన్ని శనివారాల్లో ఎవరిలోనూ చూడలేదు, పోశాడు, ధార పడింది, వేళ్ళకి ఏమీ తెలియలేదు, జర అల్లం ఎక్వైంది గని మంచిగుంది అంది ఆవిడ తాగి, దేవిశ్రీ తెల్లచీటీ చేతిలో నలుపుతూ కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉంది.

తర్వాత ఆవిడ లేచింది, కుండ దగ్గరికి వెళ్ళి ముంతతో నీళ్ళు తీసి గ్లాసు లోపల వేలు తిప్పి కడిగింది, ఆ నీళ్ళు మ్యూజియం నేలమీద పడకుండా ఇంకో చేత్తో కొంగులోకి పట్టుకుంది, గ్లాసుని గట్టు చివర, మిగతావాటికి కాస్త ఎడంగా బోర్లించింది, ఎందుకు కడిగినవమ్మా, ఎవరు చెప్పిన్రు అంది దేవిశ్రీ, తాగినంక కడగాలె గద బిడ్డ అంది ఆవిడ, అది అడగాల్సిన సంగతే కాదన్నంత మామూలుగా, చుట్టూ ఉన్నవాళ్ళు ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు, ఒకాయన చిన్నగా చప్పట్లు కొట్టాడు, ఇంకొకరు కలిశారు, ఆవిడకి అర్థం కాక నవ్వుతూ చేతులు జోడించింది, దేవదానం కెటిల్ బల్లమీద పెట్టాడు, ఏమీ ఆలోచించలేదు, సర్వీసు లిఫ్టులో బేస్‌మెంటుకి వెళ్ళి కొక్కేనికున్న తన మగ్గు, హాకీ టీం బొమ్మది, ఫేబీ కొనిచ్చింది, తీసుకుని పైకి వచ్చాడు, హాలు ఖాళీగా వదిలి వెళ్ళకూడదు, పై అంతస్తుకి మగ్గు తేకూడదు, తెచ్చాడు, కెటిల్ని మగ్గు అంచుకి ఆనించి నింపాడు, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోమని చేతికిచ్చాడు, ఇంకోసారి తాగండమ్మా, ఇది మ్యూజియంది కాదు, నాది అన్నాడు, మీరు తాగేది గద సారూ ఇది అంది ఆవిడ, అవునమ్మా, నేను తాగేదే అన్నాడు, ఆవిడ ఒకసారి ఆయన మొహం చూసింది, తాగింది, నిదానంగా, కూతురి కాన్వొకేషన్ గురించి చెబుతూ, ఆ నల్లగౌను కిరాయిదట సారూ, తిరిగిచ్చెయ్యాల్నట, ఫొటో దిగి ఇచ్చేసినం అని, అయిపోగానే మగ్గుతో లేచి కుండ వైపు తిరిగింది, ఇలా ఉంచెయ్యండమ్మా, అక్కడే పెట్టెయ్యండి, నేను చూసుకుంటా అన్నాడు, ఆవిడ ఆగింది, ఎంగిలిది సారూ అంది, ఫర్వాలేదమ్మా అన్నాడు, ఆవిడ మగ్గుని కుర్చీ చేతిమీద పెట్టింది, పెట్టి మళ్ళీ ఒకసారి చూసుకుంది, ఉంటం మరి అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ దేవిశ్రీ వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది.

మగ్గు అక్కడే ఉంది, కుర్చీ చేతిమీద, అడుగున ఇంత టీ మిగిలి, అంచుమీద పెదవుల తడి, దేవదానం దాన్ని తియ్యాలి, తియ్యలేదు, దాన్నే చూస్తున్నాడు, ఎక్కడో చూసిన దృశ్యం, మెట్లమీద ఇలాగే, టీవీ దగ్గర ఇలాగే, బాత్రూం కిటికీలో, అడుగున ఇంత వదిలేసి, ఎవరో వచ్చి తీస్తారులే అన్నట్టు, వీరరాఘవులు గారింట్లో కడిగి బోర్లించింది, పాస్టరు గారింట్లో కడిగి బోర్లించింది, ఫేబీ స్నేహితురాలి అమ్మ, ఆ తెల్లావిడ ఇంట్లో కూడా, డిష్‌వాషర్ ఉంది జయా అని ఆవిడ నవ్వుతున్నా కడిగి బోర్లించింది, ఎంత పద్ధతి అన్నారు అందరూ, తనూ పక్కన కూర్చుని పొంగిపోయాడు, గంజి తాగాం అని నవ్విన మనిషి, గ్లాసు ఎలా కడగాలో ఎక్కడ నేర్చుకుందో ఎవరూ అడగలేదు.

మూసే వేళకి కప్పులూ గ్లాసులూ ట్రేల్లో పెట్టుకుని కిందికి వెళ్ళాడు, బేస్‌మెంట్ సింకులో వేణ్ణీళ్ళు వదిలాడు, మగ్గు ముందు కడిగాడు, క్లేర్ మెట్లు దిగి వచ్చింది, ఫోను చేతిలో ఉంది, రికార్డు చెయ్యడానికి, ఆవిడ గ్లాసు కడిగింది చూశాను దేవ్, చాలా కదిలించింది అంది, ఆగి, మరి మీరు అంది, దేవదానం చేతులు నీళ్ళలోనే ఉంచి, వద్దు క్లేర్ అన్నాడు, ఆ గ్లాసు సంగతి నా భార్యకి తెలుసు, ఆమె చెప్పదల్చుకోలేదు, నేను చెబితే అది ఆమె మాట కాదు, అన్నాడు, ఈ మాట మాత్రం ఇంకెవరో అన్నట్టు లేదు, తనే అన్నాడు, క్లేర్ నంబరేదీ ఇవ్వలేదు ఈసారి, సరే అంది, ఫోను జేబులో పెట్టుకుంది, వెళ్ళిపోతుందనుకున్నాడు, వెళ్ళలేదు, స్వెటర్ చేతులు పైకి లాక్కుని గోడకున్న తువ్వాలు తీసుకుని పక్కన నిలబడి, ఆయన కడిగినవి కడిగినట్టు తుడిచి ఆరబెట్టే స్టాండులో పెట్టడం మొదలుపెట్టింది, కప్పు పక్కన గ్లాసు, గ్లాసు పక్కన కప్పు, మగ్గు, ఏది ముందొస్తే అది, రేపటికి మళ్ళీ కప్పులు బల్లమీదికీ గ్లాసులు గట్టుమీదికీ వెళ్తాయి, ఈ రాత్రికి మాత్రం అన్నీ ఒకే స్టాండులో, ఫేబీకి ఇంటికెళ్ళి చెప్పాలి, కోప్పడుతుంది, వింటుంది కూడా, ఒక్కటే చెప్పగలడు దానికి, అమ్మకి ఏం జరిగిందో నాకు తెలియదమ్మా, కానీ పరాయిళ్ళన్నిట్లో లేచి కడిగిన మనిషి మనింట్లో ఒక్కనాడూ కడగలేదు, తాగి ఎక్కడంటే అక్కడ పెట్టేసేది, నేనది బద్ధకం అనుకున్నాను, లోకం మొత్తంలో ఆమె లేచి నిలబడక్కర్లేని చోటు అదొక్కటే, ఆ గ్లాసులన్నీ ఏరి కడిగింది నేను, సణుక్కుంటూనే అయినా కడిగింది నేను, నీళ్ళు వేడిగా ఉన్నాయి, చాలా వేడిగా, చెయ్యి తీసుకోబోయి తియ్యలేదు, కిటికీలో ఒకటి మిగిలిపోయింది, దాన్ని అలా గుర్తుగా ఉంచుకోవడానికి కాదు ఆమె వదిలేసి వెళ్ళింది, తను కడుగుతాడని వదిలేసింది, ఇంటికి వెళ్ళి దాన్ని కడగాలి, కడిగి, అన్ని గ్లాసుల్లో కలిపి పెట్టాలి.